విడిపోవు తలిదండ్రులు, నడుమ బిడ్డలు

(గురువులు, ఉపదేశులు, సంఘ పెద్దలు, స్త్రీల మైత్రి నాయకురాండ్రు కూడిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సదస్సు ఏర్పాటు చేసినవారు మాకిచ్చిన అంశము "క్రైస్తవ కుటుంబము - సమాధానము". ఈ అంశముపై మీరు అనేక ప్రసంగములు వినియున్నారు. భార్య ఎట్లుండవలెను, భర్త ఎట్లుండవలెను అని పెండ్లి ఆరాధనలలో మేమును చెప్పుచునే యున్నాము. వాటిని మరల చెప్పి మీ సమయము తీసికొనము. సమాధానము కుదరని ఇండ్లను గూర్చి, అనగా విడిపోవుటకు నిశ్చయించుకొన్న తలిదండ్రులను గూర్చియు, వారి నడుమనున్న బిడ్డలను గూర్చియు ఈ పూట మాటలాడెదము. పండుగ సంచికలో ఇటువంటి విషయమెందుకని కొందరు అనుకొనవచ్చును. 1912లో అజరయ్య గారు డోర్నకలు బిషప్పుగా అభిషిక్తులైన నాటినుండి నూరేండ్లు దాటినవి. ఇన్ని ఏండ్ల సంఘము తన కష్టమైన సంగతులు తాను చెప్పుకొనలేనంత బలహీనముగా లేదని మా నమ్మకము.

మన పాస్టరేటులలో బాప్తిస్మములకు, పెండ్లిండ్లకు, సమాధులకు రిజిస్టర్లున్నవి. విడిపోయినవారికి రిజిస్టరు లేదు. కనుక లెక్కలలో అట్టివారు లేనేలేరు! కాని సండే స్కూలు హాజరు పట్టీ తిరగవేసి చూడుడి. జూన్ నెలవరకు ప్రతి ఆదివారము హాజరు పడిన పిల్లవాని పేరు ఒక్కసారిగా ఆగిపోవును. అడిగితే "వాళ్ల అమ్మ తీసుకపోయిందండి" అందురు. ఎక్కడికి? ఏ సంఘములో ఉన్నాడు? ఎవరికిని తెలియదు. పెండ్లికి మూడు వారములు ప్రకటనలు చదివిన మనము, ఆ పెండ్లిలో పుట్టిన బిడ్డ ఊరు దాటి పోయినప్పుడు ఒక ఉత్తరము ముక్కయైన వ్రాయము.

మన ప్రాంతములో తగవు తీర్చు పద్ధతి క్రొత్తగా రావలసిన పని లేదు. దుమ్ముగూడెములో పరిచర్య చేసిన జాన్ కెయిన్ దొర గారు 19వ శతాబ్దములోనే ఇచ్చటి కోయల ఆచారములను గూర్చి వ్రాసియున్నారు. ఈ నాటికిని గూడెములలో కులపెద్దలు, పటేలు కూర్చుండి ఆలుమగల తగవు తీర్చుట కలదు. మైదానపు గ్రామములలో పెద్దమనుషుల పంచాయితీ కలదు. ఈ పంచాయితీలను చిన్నచూపు చూచువారితో మేము ఏకీభవింపము. కోర్టుకు పోయి పది వాయిదాలు తిరిగినవారికి ఆ చింతచెట్టు క్రింది మంచము విలువ తెలియును. అక్కడ ఇద్దరి ఇండ్ల సంగతియు ఎరిగినవారు కూర్చుందురు, ఇద్దరి భాషయు ఎరుగుదురు, ఆ పూటకే ఏదో ఒకటి తేల్చుదురు.

అయితే ఆ పూట దేనిని గూర్చి మాటలాడుదురో గమనించితిరా? ఓలి ఎంత ఇచ్చిరి, ఎంత తిరిగి రావలెను, పెండ్లిలో పెట్టిన బంగారమెంత, బీరువా ఎవరిది, మంచము ఎవరిది, గేదె ఎవరిది, తప్పు సొమ్ము ఎవరు కట్టవలెను. మేము కూర్చున్న ఒక పంచాయితీలో ఒక మోటారు సైకిలు వాయిదాల బాకీపైనే మధ్యాహ్నమంతయు గడచినది. చివర అందరును లేచి తువ్వాళ్లు దులుపుకొనుచుండగా ఎవరో "మరి పిల్లల సంగతి?" అనిరి. "మగపిల్లవాడు తండ్రికి, ఆడపిల్ల తల్లికి" అని ఒక పెద్దాయన నిలువుకాళ్ల మీద తీర్పు చెప్పెను. అంతే. గేదెకు రెండు గంటలు, బిడ్డలకు ఒక నిమిషము. ఆ అన్నాచెల్లెండ్రు అంతవరకు ఒక కంచములో తిన్నవారు అన్న సంగతి ఎవరికిని తట్టలేదు. పంచాయితీ లోటు ఇదియే. అది ఆలుమగల తగవును తీర్చును గాని తలిదండ్రులుగా వారిమధ్య మిగిలియున్న పనిని తాకదు. భార్యాభర్తల బంధము తెగిపోవచ్చును. తల్లి తల్లియే, తండ్రి తండ్రియే. ఆ రెంటికిని వేరువేరుగా పంచాయితీ చేయవలెను.

ఇక చట్టము సంగతి కొంచెము చెప్పవలెను, ఏలయనగా మనలో చాలా తప్పు అభిప్రాయములున్నవి. పెద్దలు స్టాంపు కాగితము మీద విడుదల వ్రాసి సంతకములు చేయించిన మాత్రమున క్రైస్తవ వివాహము చట్టరీత్యా రద్దు కాదు. దంపతులలో ఒకరైన క్రైస్తవులైనచో 1869 నాటి విడాకుల చట్టము వర్తించును. ఆ చట్టము ప్రకారము కోర్టు ఇచ్చిన డిక్రీయే విడాకులు. సంఘపు ట్రిబ్యునలు ఇచ్చిన విడుదలకు చట్టబలము లేదని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పియున్నది. స్టాంపు కాగితము చూపి రెండవ పెండ్లికి ప్రకటనలు చదువుమని మమ్ములను అడుగువారు ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను. 2001లో ఆ చట్టమును సవరించిరి. అంతకుముందు భర్తకు భార్య వ్యభిచారము ఒక్కటి రుజువు చేసిన చాలును, భార్యయైతే దానితోపాటు క్రూరత్వమో, విడనాడుటయో కూడ రుజువు చేయవలసి యుండెను. ఆ అన్యాయము తొలగినది. ఇద్దరును సమ్మతించి విడాకులు కోరుటకు 10-ఎ అను సెక్షను అప్పుడే వచ్చినది.

బిడ్డలను గూర్చి చట్టము చెప్పునది మన పంచాయితీలకంటె ఎంతో మెరుగు. 1890 నాటి సంరక్షకుల చట్టము బిడ్డ క్షేమమును చూడుమని చెప్పును, బుద్ధి తెలిసిన బిడ్డయైతే వాని ఇష్టమును కూడ గమనింపవచ్చునని చెప్పును. 1973లో సుప్రీంకోర్టుకు వచ్చిన ఒక క్రైస్తవ దంపతుల కేసులో న్యాయమూర్తులు బిడ్డలు తలిదండ్రుల ఆస్తి సామానులు కారు, ఆటబొమ్మలు కారు అను అర్థము వచ్చునట్లు తీర్పు వ్రాసిరి. "మగపిల్లవాడు తండ్రికి" అను మన సూత్రము ఏ చట్టములోను లేదు.

కోర్టులు కూడ ఈ తగవులు కోర్టు మెట్ల మీద తేలునవి కావని గ్రహించినవి. 1984 కుటుంబ న్యాయస్థానముల చట్టము, మొదట రాజీకి ప్రయత్నింపవలెనని న్యాయమూర్తికి బాధ్యత పెట్టినది. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తెలుగు దంపతుల కేసు ఒకదానిలో తీర్పు చెప్పుచు, ఇట్టి కేసులను మధ్యవర్తిత్వమునకు పంపవలెననియు, కేసు వేయకమునుపే మాటలాడుకొను ఏర్పాటు మధ్యవర్తిత్వ కేంద్రములలో ఉండవలెననియు ఆదేశించినది. ఇతర దేశములలోను ఇదియే దారి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో బిడ్డల సంరక్షణ తగవును విచారణకు ముందు మధ్యవర్తియొద్దకు పంపు విధి 1981 నుండి ఉన్నది. నార్వే దేశములో పదునారేండ్లలోపు బిడ్డలుగల దంపతులు విడిపోదలచినచో ముందుగా మధ్యవర్తి యెదుట కూర్చుండక తప్పదు. అక్కడ వారిని తిరిగి కలుపుట ఉద్దేశము కాదు, బిడ్డ సంగతి తేల్చుట ఉద్దేశము. ఈ తేడా మీరు గట్టిగా పట్టుకొనవలెనని కోరుచున్నాము. మన పెద్దలు కలుపుటకే కూర్చుందురు. కలియరని తెలిసిన క్షణమున లేచిపోదురు. అసలు పని ఆరంభము కావలసినది అప్పుడే.

మన సరిహద్దు ప్రాంతములో ఈ పని ఎందుకు మరింత అవసరమో చెప్పెదము. 2014లో రాష్ట్రము విడిపోయినప్పుడు భద్రాచలము పట్టణము తెలంగాణలో మిగిలి, చుట్టుపట్ల గ్రామములు, కూనవరము, చింతూరు, వి.ఆర్. పురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. మన సంబంధ బాంధవ్యములు గీత గీసి తెంచినట్లు తెగలేదు. పిల్లనిచ్చి పుచ్చుకొనుట అటూ ఇటూ జరుగుచునే యున్నది. భార్య అలిగి పుట్టింటికి పోయిన, ఇప్పుడు మరియొక రాష్ట్రమునకు పోయినట్లే. ఆమె అక్కడ మనోవర్తి కేసు వేయును, భర్త ఇక్కడ బిడ్డకొరకు వేయును. ఒక రాష్ట్రపు కోర్టునుండి మరియొక రాష్ట్రపు కోర్టుకు కేసు మార్చవలెనన్న ఢిల్లీలోని సుప్రీంకోర్టునే అడుగవలెను. మిరప కోత కూలితో బ్రతుకువాడు ఢిల్లీకి ఎట్లు పోవును?

బిడ్డ చదువు సంగతి ఇంకొకటి. తెలంగాణలో ఉద్యోగములకు స్థానికతను, ఒకటి నుండి ఏడవ తరగతి వరకు ఎక్కడ ఎక్కువ ఏండ్లు చదివిరో చూచి లెక్కింతురు. తల్లిమీద కోపముతో తండ్రియో, తండ్రిమీద కోపముతో తల్లియో నాలుగవ తరగతి బిడ్డను బడి మాన్పించి గోదావరి దాటించినప్పుడు, ఇరువది ఏండ్ల తరువాతి ఉద్యోగపు దరఖాస్తును కూడ అప్పుడే దిద్దుచున్నారు. ఈ మాట చెప్పినప్పుడు ఎంత మూర్ఖపు తండ్రియైనను ఒక నిమిషము ఆగి వినుట మేము చూచినాము.

ఒక కుటుంబపు సంగతి చెప్పెదము. పేర్లు, ఊర్లు చెప్పము. భర్త ఇటువైపు ట్రాక్టరు తోలువాడు, భార్య పుట్టిల్లు శబరి అవతల. ఇద్దరు బిడ్డలు. పదకొండేండ్ల ఆడపిల్ల ఇటువైపు ఆశ్రమ పాఠశాల హాస్టలులో ఉన్నది, ఏడేండ్ల పిల్లవానిని తల్లి తీసికొని పోయినది. రెండుసార్లు పెద్దలు కూర్చుండి "సర్దుకపొండి" అని పంపిరి, రెండుసార్లును నెల తిరుగకముందే చెడినది. పిమ్మట తండ్రి హాస్టలుకు పోయి, తల్లి వచ్చినయెడల పిల్లను పంపవద్దని చెప్పి వచ్చినాడు. దసరా సెలవులకు హాస్టలు మూసినప్పుడు పిల్లను తీసికొని పోవుటకు ఎవరు రావలెనో తెలియక, ఆ పిల్ల స్నేహితురాలి ఇంట సెలవులు గడిపినది. తలిదండ్రులిద్దరును బ్రతికియుండగా!

మేము ఒక్కరమే పోలేదు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు, మన స్త్రీల మైత్రి సభ్యురాలు ఒకరు తోడు వచ్చినారు. ఒక పురుషుడు, ఒక స్త్రీ మధ్యవర్తులుగా ఉండుట మంచిదని మా అనుభవము. గురువు యెదుట చెప్పలేని మాటలు ఆమె యెదుట చెప్పుకొందురు. మొదటిసారి ఇద్దరితోను వేరువేరుగా మాటలాడితిమి. బంధువులను దూరముగా కూర్చుండుడని బ్రతిమాలితిమి (ఈ పని అన్నిటికంటె కష్టము, మేనమామలు అసలు లేవరు). ఒకరు చెప్పినది వారి అనుమతి లేక ఇంకొకరికి చెప్పము అని మాట ఇచ్చితిమి. రెండవసారి ఇద్దరిని ఎదురెదురుగా కూర్చుండబెట్టితిమి. ఎవరిది తప్పు అని మేము అడుగలేదు. అడిగిన పంచాయితీ అగును. "వచ్చే జూన్‌లో బడి తెరచునాటికి మీ బిడ్డలు ఎక్కడ ఉండవలెనని మీ ఇద్దరి కోరిక?" అని మాత్రము అడిగితిమి.

పిల్లను ఉపాధ్యాయురాలే హాస్టలులో కలిసినది. "నీకు అమ్మ కావలెనా, నాన్న కావలెనా" అని అడుగలేదు. దయచేసి మీరెవ్వరును ఎన్నడును ఏ బిడ్డను ఆ ప్రశ్న అడుగవద్దు. సొలొమోను రాజు బిడ్డను రెండుగా కోయుమన్నప్పుడు కత్తి బిడ్డ చేతికి ఇయ్యలేదు గదా. మనము ఆ ప్రశ్నతో బిడ్డ చేతికే కత్తి ఇచ్చుచున్నాము. ఉపాధ్యాయురాలు దినచర్యను గూర్చి, సెలవులను గూర్చి మాటలాడినది. పిల్ల చెప్పినవి రెండే. సెలవులకు ఎవరు వచ్చి సంతకము పెట్టుదురో ముందే తెలియవలెను. తమ్ముడు తనతో సమానముగా సెలవులు గడుపవలెను. పెద్దలలో ఎవరికిని ఈ రెండు సంగతులు తోచలేదు. బిడ్డకు సంబంధించిన విషయములో బిడ్డ అభిప్రాయము వినవలెనని 1989 ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందములో వ్రాసిరి, 1992లో మన దేశము అందులో చేరినది. అంత పెద్ద మాటకు మా గూడెములో అర్థము హాస్టలు సంతకపు పుస్తకము.

ఆ దంపతులు కలియలేదు. కలిసిరని చెప్పిన మీకు సంతోషము కలుగును గాని అది జరుగలేదు. మూడవసారి కూర్చున్నప్పుడు ఒక కాగితము వ్రాసికొనిరి. పిల్ల ఇక్కడి హాస్టలులోనే ఏడవ తరగతి ముగించును. నెలలో రెండవ ఆదివారము తండ్రి వచ్చును, నాలుగవ ఆదివారము తల్లి వచ్చును, సంతకపు పుస్తకములో ఇద్దరి పేర్లును ఉండును. దసరా సెలవులు తల్లియొద్ద, సంక్రాంతి తండ్రియొద్ద, వేసవిలో సగము సగము, అన్ని సెలవులలోను అక్కాతమ్ముళ్లిద్దరు ఒకే చోట. క్రిస్మసు ముందటి రాత్రి ఆరాధన తల్లి సంఘములో, కొత్త సంవత్సరపు ఆరాధన తండ్రి సంఘములో. బిడ్డల ఆధారు, కుల ధ్రువీకరణ పత్రము, టి.సి. నకళ్లు ఇద్దరియొద్దను ఉండవలెను. పిల్లవాని బట్టలకు, వైద్యమునకు తండ్రి నెలనెల తల్లి బ్యాంకు ఖాతాలో సొమ్ము వేయవలెను. చేతికిచ్చుట వద్దనిరి, చేతికిచ్చిన చోటనే జగడము వచ్చును గనుక. త్రాగియున్న దినమున బిడ్డలను తీసికొనిపోవుటకు రాకూడదు. ఇది తల్లి కోరిక, తండ్రి తల వంచుకొని ఒప్పుకొనెను.

చివర తండ్రియే ఒక మాట చేర్చెను. భద్రాచలము వద్ద గోదావరి 48 అడుగులకు వచ్చి రెండవ హెచ్చరిక వేసిన వారములో బిడ్డలను ఇటు అటు పంపనవసరము లేదు, తప్పిన ఆదివారము నీరు తీసిన పిమ్మట ఇయ్యవలెను. 2022 జూలైలో 71 అడుగులు దాటిన నీరు చూచినవాడు గనుక అతనికి ఆ సంగతి తోచినది. ఏ వకీలును వ్రాయలేని షరతు అది. తమ బిడ్డల ఏర్పాటు తాము చేసికొన్నప్పుడే ఇట్టివి వచ్చును, మనము తీర్పు చెప్పిన రావు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలెను. కొట్టు భర్త యెదుట భార్యను కూర్చుండబెట్టి రాజీ మాటలాడుట మధ్యవర్తిత్వము కాదు. ఆమె నోరు తెరువదు, తెరచిన ఆ రాత్రి దెబ్బలు తినును. ఇంటిలో హింసయున్నదని తెలిసినచో మొదట ఆమెను, బిడ్డలను క్షేమమైన చోట చేర్చవలెను. 2005 గృహహింస చట్టము ప్రకారము రక్షణ అధికారి యొద్దకు తీసికొనిపోవలెను. "ఆడది సర్దుకోవాలి" అను మాటను వాక్యముతో కట్టి చెప్పు ఉపదేశులు మనలో ఇంకను ఉన్నారు. అబ్రాహాము ఇంటినుండి పోయిన హాగరు అరణ్యములో బిడ్డను పొద క్రింద ఉంచి ఏడ్చినప్పుడు దేవుడు ఆ చిన్నవాని మొర వినెనని ఆదికాండములో ఉన్నది. తిరిగి పోయి సర్దుకొమ్మని అప్పుడు చెప్పలేదు, నీటి బావి చూపెను.

కాగితము వ్రాసిన పిమ్మట దానిని ఇంటి దూలములో దోపి ఊరకుండిన ప్రయోజనము లేదు. 2023 మధ్యవర్తిత్వ చట్టములో ముగ్గురు మధ్యవర్తులతో జరుగు సామాజిక మధ్యవర్తిత్వమును గూర్చి ఒక అధ్యాయము వ్రాసిరి గాని, దానిలో కుదిరిన ఒప్పందము కోర్టు డిక్రీవలె అమలు కాదని కూడ అందులోనే వ్రాసిరి. అదే ఒప్పందమును లోక్ అదాలతులో పెట్టి అవార్డుగా వ్రాయించినచో అది డిక్రీతో సమానము, దానిమీద అప్పీలు లేదు. అక్కడ విడాకులు ఇయ్యరు, మనోవర్తి, బిడ్డల ఏర్పాటు వంటివి వ్రాయుదురు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులముల, తెగలవారికి న్యాయ సేవా సంస్థలలో వకీలు సహాయము ఉచితము, ఆదాయము ఎంతయని అడుగరు. 1987 చట్టములో ఉన్న ఈ హక్కు మన సంఘస్థులలో నూటికి తొంబదిమందికి తెలియదని మా అనుమానము. వచ్చే కూటమునకు ఒక వకీలును పిలిచిన బాగుండును.

సంఘము చేయగలిగిన చిన్న పనులు కొన్ని కలవు. బిడ్డను ఒకరి చేతినుండి ఒకరికి అప్పగించుటకు ఇద్దరికిని పరాయిది కాని చోటు కావలెను. అత్తవారి వాకిట అప్పగించిన తగాదా, బస్టాండులో అప్పగించిన నలుగురి నవ్వు. ఆదివారము ఆరాధన తరువాత గుడి ఆవరణ అందుకు తగిన స్థలము. అక్కడ ఒక పెద్ద నిలిచియుండిన చాలును, మాటలాడనవసరము లేదు. సండే స్కూలు ఉపాధ్యాయులు తల్లిదండ్రుల దినమున "నాన్న రాలేదా?" అని అందరియెదుట అడుగకుండిన అదియు సేవయే. ఒక పాస్టరేటునుండి బిడ్డ మరియొక పాస్టరేటుకు పోయినప్పుడు అక్కడి గురువుకు ఒక ఫోను చేయుడి. రాష్ట్రము మారినను, అధ్యక్ష ఖండము మారినను చేయుడి. బాప్తిస్మపు రిజిస్టరులో తల్లి గడి, తండ్రి గడి రెండును ఉన్నవి. వారు విడిపోయినప్పుడు ఏ గడిని కొట్టివేయుమని ఎవరు అడిగినను కొట్టివేయవద్దు. ఇద్దరు ముగ్గురు మమ్ములను అట్లు అడిగినారు.

ప్రతి పాస్టరేటునుండి ఒక స్త్రీని, ఒక పురుషుని ఈ పనికి ఎన్నుకొని పేర్లు పంపుడని కోరుచున్నాము. రహస్యము దాచగలవారు కావలెను. తమ ఇంటి తగవును ఊరంతా చెప్పుకొనువారు వద్దు. సంఘపు కమిటీ ఎన్నికలలో ఓడినవారికి ఓదార్పుగా ఈ పదవి ఇయ్యవద్దు. కోయ భాష తెలిసినవారు ప్రతి జతలోను ఒకరైన ఉండుట మంచిది. తల్లి తన బాధను తన భాషలో చెప్పుకొనునప్పుడు మనము తెలుగులో తల ఊపుచు కూర్చుండుట మేము చాలా చోట్ల చూచినాము. పేర్లు శ్రమకాలము ఆరంభమునకు ముందే చేరినయెడల, మిరప కోతలు ముగిసి తునికాకు పని మొదలగు లోపల వారికి రెండు దినముల శిక్షణ పెట్టవచ్చును.